కాకతీయ రాజగురువు విశ్వేశ్వరశంభువు

కాకతీయుల చరిత్రమును వ్రాసినవారు రాజులను గూర్చియు, సేనానులను గూర్చియు విరివిగా వ్రాసిరి. గణపతిదేవుని దిగ్విజయములు, రుద్రమదేవి సాహసము, జాయపసేనాని నృత్తరత్నావళి మన పాఠశాలల పిల్లలకు సయితము తెలిసిన విషయములు. ఆ గణపతిదేవుడు ఎవనిచేత దీక్షను బొంది, ఎవనికి దాను బుత్రుడనని చెప్పుకొనెనో యా యాచార్యుని పేరు మాత్రము శాసనపరిశోధకుల వ్యాసములు దాటి వెలికి రాలేదు. ఆయన విశ్వేశ్వరశంభువు. విశ్వేశ్వరశివాచార్యుడనియు నందురు. పుట్టుక గౌడదేశము, గురుపీఠము డాహలమండలము, కర్మక్షేత్రము తెలుగునేల. ఆయన మంత్రి కాడు, సేనాని కాడు. అయినను 13వ శతాబ్దమధ్యమున నాంధ్రరాజ్యమునం దాయనకు గల యధికారము మంత్రులకు లేదు, సేనానులకు లేదు. ఆ యధికారము దేనిపై నిలిచినదో విచారించుటయే యీ వ్యాసమునకు బ్రయోజనము.

రాజునకు దాపుగా గురువు నిలుచుట కాకతీయులలో గణపతిదేవునితో మొదలైనది కాదు. కాజీపేట దర్గాలోని ప్రాచీనశాసన మిందులకు సాక్ష్యము. క్రీ. శ. 1098 నాటి యీ శాసనమున రెండవ బేతరాజు కుమారుడగు దుర్గరాజు, తన తండ్రి చేసిన శివపురదానమును స్థిరపఱచెను. దానమును బొందినవాడు రామేశ్వరపండితుడు. ఈయన శ్రీపర్వతమందలి మల్లికార్జున శిలామఠమునకు ఆచార్యుడు, కాలాముఖశైవుడు. అప్పటికి కాకతీయులు కల్యాణి చాళుక్యులకు లోబడిన సామంతులు మాత్రమే. చక్రవర్తి దూరమున నుండెను, గురువు దాపున నుండెను. ఒక చిన్నకుటుంబము రాజకుటుంబ మగుచున్న కాలమున దానికి గౌరవము నొసగినది శ్రీశైలమునుండి వచ్చిన యీ పండితుని సన్నిధి. తండ్రి యిచ్చినదానిని గొడుకు మరల స్థిరపఱచుట యను నీ పద్ధతిని చదువరులు మనసున నుంచుకొందురు గాక. నూటయఱువది మూడేండ్ల తరువాత నిదే పద్ధతి మఱియొక రూపమున, మఱింత గొప్ప పరిణామముతో గానవచ్చును.

విశ్వేశ్వరశంభువును గూర్చి మనకు దెలిసినదంతయు ముఖ్యముగా నొక్క శాసనమునుండి వచ్చినది. అది గుంటూరు మండలమున కృష్ణాతీరమందలి మల్కాపురపు శిలాస్తంభశాసనము. శక సంవత్సరము 1183, దుర్మతి, చైత్రమాసము, అనగా క్రీ. శ. 1261. దీనిని జయంతి రామయ్యపంతులుగారు పరిష్కరించి ప్రకటించిరి. శాసనములో నధికభాగము సంస్కృతశ్లోకములు. దానకథనమునకు ముందు గురుపరంపరనంతయు వరుసగా జెప్పుట దీని విశేషము. మన శాసనములలో సామాన్యముగా వంశవర్ణన మనగా రాజవంశవర్ణనమే. ఇందు గురువంశము రాజవంశముకంటె మిన్నగా వర్ణింపబడినది. ఆ వరుసయే యొక ప్రకటన యనవలెను.

భాగీరథీ నర్మదల నడుమ డాహలమండలము కలదు. అందు దుర్వాసమహర్షి నుండి వచ్చిన శైవపరంపరలో సద్భావశంభువు పుట్టెను. ఆయనకు కలచురి రాజగు యువరాజదేవుడు మూడు లక్షల గ్రామములను భిక్షగా నిచ్చెను. దానితో నాయన గోళకీమఠమును స్థాపించెను. మూడు లక్షలను లెక్కగా దీసికొనువారెవ్వరును లేరు, అది గౌరవసంఖ్య. అయినను 10వ శతాబ్దమున మఠమునకు రాజ్యమువంటి సంపద యుండెనని శిష్యులు చెప్పుకొనుటకు వెనుదీయలేదనుట స్పష్టము. ఈ మఠము జబ్బలపురము చేరువనున్న భేడాఘాటమున, చౌసఠ్ యోగినుల గుండ్రని యాలయమున్న చోట నుండెనని కొందఱును, రీవా ప్రాంతమందలి గుర్గీయందని కొందఱును నిర్ణయించిరి. ఆ పరంపరలో సోమశంభువు మహావిద్వాంసుడు. ఆయన రచించిన సోమశంభుపద్ధతి దక్షిణదేశపు శైవాచార్యులకు ప్రమాణగ్రంథమైనది. సోమశంభువు తరువాత వామశంభువు. ఆపై శక్తిశంభువు, కీర్తిశంభువు, విమలశివుడు, ధర్మశంభువు. ధర్మశంభువు శిష్యుడు మన విశ్వేశ్వరుడు. ఈయన దక్షిణరాఢలోని పూర్వగ్రామమున బుట్టినవాడు. కలచురి, మాళవ, చోళరాజులును ఈయనకు శిష్యులని శాసనము చెప్పుచున్నది.

ఈ రాఢాదేశపు బ్రాహ్మణుడు ఓరుగంటికి రాదగిన కారణ మేమి? 13వ శతాబ్దము మొదటనే పశ్చిమగౌడము ఖిల్జీ బఖ్తియారు వశమయ్యెను. డాహలమున కలచురుల ప్రభ క్షీణించుచుండెను. ఉత్తరమున బోషణ తగ్గిన మఠములకు దక్షిణమున బెరుగుచున్న రాజ్యమొకటి కనబడెను. గణపతిదేవుడు 1199 ప్రాంతమున సింహాసనమెక్కి, వెలనాటిని జయించి, సముద్రతీరమువఱకు రాజ్యమును విస్తరింపజేసెను. వచ్చినవానికి ఆశ్రయము కావలెను, ఉన్నవానికి గౌరవము కావలెను. దీనిని గేవల భక్తిగా జెప్పువారు సగము చెప్పినవారు. కేవల రాజనీతిగా జెప్పువారును సగమే చెప్పినవారు. ఎందువలన ననగా, శైవాగమదీక్ష యొక్క స్వరూపమే ఈ రెంటిని గలిపినది.

సోమశంభుపద్ధతియందు జెప్పబడిన నిర్వాణదీక్షలో గురువు శిష్యుని యాత్మను వాగీశ్వరీగర్భమునం దుంచి మరల జనింపజేయును. శిష్యుడు శివపుత్రుడగును, శివస్థానమున నిలిచి క్రియ నడపువాడు గురువు. కాబట్టి గణపతిదేవుని విశ్వేశ్వరశంభువునకు బుత్రుడనుట మర్యాదమాట కాదు, ఆగమసిద్ధమైన సంబంధము. మఱియొక సూక్ష్మము గలదు. దీక్షితులందఱును జీవితాంతము నిత్యక్రియలు నడపవలెను. రాజ్యభారముచేత దానికి దీరిక లేని రాజులకు, వృద్ధులకు, రోగులకు ఆ నియమములు లేని నిర్బీజదీక్ష నొసగవచ్చునని యాగమములు విధించినవి. రాజు జపమునకు బదులు దక్షిణ నిచ్చును. గురువు దక్షిణతో మఠమును, దేవాలయమును, వైద్యశాలను గట్టును. ఇది యిచ్చిపుచ్చుకొనుటయని యెవరైన నన్నచో నాగమజ్ఞులు కోపింపనక్కఱ లేదు. ఆగమములే దానిని దాచలేదు. గణపతిదేవుని విద్యామండపమున విశ్వేశ్వరుడు పసిడివన్నె జటలతో, ఆభరణములతో గూర్చుండిన రీతిని శాసనకవి వర్ణించెను. సన్న్యాసి యనగానే కౌపీనమును దలచువారికి ఆ వర్ణన యాశ్చర్యము గలిగింపక మానదు.

ఇక దానవిషయము. వెలనాటిలోని కండ్రవాటియందు కృష్ణవేణి దక్షిణతీరమున మందరగ్రామము కలదు. ఇది యిప్పటి మందడము. దానిని విశ్వేశ్వరునకు గణపతిదేవుడు వాగ్దానముగా నిచ్చెను. శాసనపూర్వకముగా నిచ్చినది గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి. ఆమె తండ్రిమాటను నెఱవేర్చుటయే కాక, వెలగపూడిని, నదీలంకలతో గూడ, తన పేర గలిపి యిచ్చెను. ఈ దానమున రాజనీతి యెంత గలదో మనవారు తగినంతగా గమనింపలేదని నా యభిప్రాయము. 1261 నాటికి స్త్రీ సింహాసనమున గూర్చుండుట సామంతులెల్లరకు సమ్మతమైన విషయము కాదు. తండ్రి వాగ్దానమును నెఱవేర్చు హక్కు వారసునిది. ఆ నెఱవేర్చుటను స్వీకరించువాడు సాక్షాత్తు తండ్రికి దీక్షాగురువు. ఆయన చేయి చాచి రుద్రమ ధారపోసిన యుదకమును గ్రహించిన క్షణముననే యామె వారసత్వమునకు రాజ్యమునం దన్నిటికంటె నుత్తమమైన సాక్ష్యము గలిగెను. కాజీపేట శాసనమున దుర్గరాజు చేసిన పనియు నిట్టిదే. అచ్చట గొడుకు, ఇచ్చట గూతురు.

గ్రామము చేరినది క్రొత్తగా జయింపబడిన దేశమున ననుట మఱవరాదు. ధరణికోట యచ్చటికి దగ్గఱ. అచ్చటి కోటవంశపు బేతరాజునకు గణపతిదేవుడు తన కూతురు గణపాంబ నిచ్చి పెండ్లి చేసెను. పెండ్లిచేత నొక తీగ, మఠముచేత నింకొక తీగ. రెండును నోరుగంటి వేళ్ళే.

విశ్వేశ్వరుడు తనకు వచ్చిన భూమితో నేమి చేసెనో శాసనము లెక్క చెప్పినట్లు చెప్పినది. ఈ భాగము చదువుటకు మిక్కిలి రుచ్యముగా నుండును. ఆయన విశ్వేశ్వరదేవాలయమును, శుద్ధశైవమఠమును, అన్నసత్రమును గట్టించి, విశ్వేశ్వరగోళకి యను నగ్రహారమును స్థాపించెను. అఱువది ద్రావిడబ్రాహ్మణకుటుంబములను దెచ్చి యొక్కొక్క కుటుంబమునకు రెండేసి పుట్ల భూమి నిచ్చి నిలిపెను. మిగిలిన భూమిని మూడు భాగములు చేసెను. ఒక భాగము శివునకు. రెండవది విద్యార్థులకును, శైవమఠమునకును. మూడవది ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, విప్రసత్రమునకు. ఋగ్యజుస్సామములను జెప్పుటకు మువ్వురు, పదవాక్యప్రమాణసాహిత్యాగమములను జెప్పుటకు నేవురు, ఒక వైద్యుడు, ఒక కాయస్థుడు. దేవాలయమునకు బదుగురు నర్తకులు, ఎనమండుగురు మద్దెలవాండ్రు, ఒక కాశ్మీరదేశీయుడు, పదునలుగురు గాయికలు. కాశ్మీరమునుండి వచ్చినవాడు కృష్ణాతీరపు బల్లెలో బాడుచుండగా వినినవారి యదృష్టమును మనము తలచుకొనవచ్చును. ఊరిని గాచుటకు వీరభద్రులను బదుగురు, వీరముష్టు లిరువదిమంది. వీరభద్రులను గూర్చిన బీజచ్ఛేద, కుక్షిచ్ఛేద, శిరశ్ఛేద శబ్దములను వ్రతములనియు దీసికొనవచ్చును, దండనలనియు దీసికొనవచ్చును. ఎట్లైనను మఠమునకు దన కావలిబంట్లు తనకు గలరు. కంసాలి, వడ్రంగి, కుమ్మరి, మంగలి మొదలుగా గ్రామమునకు గావలసిన వృత్తులవారందఱును గలరు. సత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలునివఱకు నన్నము నిరంతరాయముగా బెట్టవలెనని నియమము. ఆ కాలపు సత్రములలో నెన్నిటికో భోజనార్హుల యెల్ల యంత విశాలము కాదు.

ప్రసూతిశాల యను మాట యొక్కటి చాలును, ఈ శాసనమును బాఠశాలలలో జెప్పుటకు. సన్న్యాసులు పాలించు మఠము పురిటాండ్రకు శాల గట్టించి, దానికి భూమిని విడదీసి, శాసనమున వ్రాయించెను.

అన్నిటికంటె నాకు ముఖ్యముగా దోచినది మఱియొక నియమము. ఈ ధర్మములన్నిటిపై నధ్యక్షుడుగా నుండు నాచార్యుడు గోళకీసంతానమువాడు కావలెను. అతడు దుర్వర్తను డైనచో శైవసంతానమువారు చేరి యతనిని దొలగించి మఱియొకని నిలుపవలెను. ఇచ్చినది రాజకుటుంబమే యైనను, తొలగించు నధికారము రాజునకు జెప్పబడలేదు. దానము ధారపోసినతోడనే రాజుచేతినుండి జాఱి, కాశ్మీరము మొదలు చోళదేశమువఱకు గల యొక సంఘము చేతిలోనికి బోయినది. విశ్వేశ్వరుని యధికారమునకు బునాది యిదియే. ఆయన రాజును బెదరించి గ్రామములు తీసికొనలేదు. రాజు మరల దీసికొనలేని రూపమున వానిని మలచెను. కాళేశ్వరము, శ్రీశైలము, ఏలేశ్వరము, ఉత్తరసోమశిల మొదలగు స్థలములందును ఆయన స్థాపనలను శాసనము చెప్పుచున్నది. పటమునందు జూచినచో నివి గోదావరీప్రాణహితల సంగమము మొదలు కృష్ణపొడుగున రాజ్యపు గీలుస్థానములను బట్టుకొన్నవి.

విశ్వేశ్వరుని యధికారపు గొలత తెలియుటకు సమకాలికుడగు మఱియొక మఠాధిపతిని బ్రక్కన నిలుపుట మేలు. మల్కాపురశాసనము పుట్టిన 1261లోనే, సెప్టెంబరు నెలలో, జర్మనీదేశపు కొలోన్ నగరమున ఆర్చిబిషప్పు కొన్రాడ్ ఫాన్ హోఖ్‌స్టాడెన్ మరణించెను. క్రైస్తవమతమున బిషప్పులు మన పీఠాధిపతులవంటివారు. ఆర్చిబిషప్పు వారిలో బెద్ద. కాని జర్మనీలో బిషప్పు కేవల మతగురువు కాడు. కోటలు, నాణెములు, గుఱ్ఱపుదళములు గల ప్రభువు. కొన్రాడ్ 1238లో బీఠమెక్కెను. 1242లో యూలిక్ ప్రభువుతో యుద్ధము చేసి యోడి, తొమ్మిది నెలలు చెఱలో నుండెను. విడుదలయైన పిమ్మట ఫ్రెడరికు చక్రవర్తికి విరోధముగా 1246లో హైన్రిఖ్ రాస్పేను, 1247లో హోలండు విలియమును రాజులుగా నెన్నుకొనుటకు దోడ్పడి, 1257లో ఇంగ్లండు రాజు తమ్ముడగు రిచర్డునకు ఆఖెన్ పురమున గిరీటము పెట్టెను. 1248 ఆగస్టు 15న కొలోన్ మహాదేవాలయమునకు శంకుస్థాపన చేసినవాడును ఈయనయే. అది 1880లో గాని పూర్తి కాలేదు. సొంత నగరపు వర్తకులతోడనే పోరి, 1258లో మహాపండితుడగు ఆల్బర్టు మధ్యవర్తిత్వముచేత రాజీపడి, 1259లో నా నగరమునకు సరకుదింపుడు హక్కు నొసగెను.

ఇరువురును రాజుల యభిషేకమునకు సాక్షులు, ఇరువురును దేవాలయనిర్మాతలు. పోలిక యింతటితో నాగును. కొన్రాడ్ రాజును జేసినవాడు, యుద్ధమాడినవాడు. చెఱకు బోయినవాడు గూడ. కత్తి పట్టినవానికి గత్తిదెబ్బ తప్పదు గదా. విశ్వేశ్వరుడు గత్తి పట్టలేదు, కిరీటమును దన చేతితో బెట్టినట్లును శాసనము చెప్పలేదు. జర్మనీలో బిషప్పునకు దండమును, ఉంగరమును రాజిచ్చునా పోపు ఇచ్చునా యను కలహము రాజ్యమును నలుబదియేండ్లకు బైగా కుదిపి, 1122లో వోర్మ్స్ నగరపు సంధితో గొంత చల్లారెను. మన దేశమున నా ప్రశ్నయే పుట్టలేదు. గురువును జేయువాడు గురువు. రాజు శిష్యుడగును గాని నియోక్త కాడు. కాని యిందు నష్టమును గలదు. కొలోన్ పీఠము ప్రభుత్వాంగము గాన నొక రాజవంశము పోయినను బీఠము పోలేదు. గోళకీమఠము రాజుల శిష్యత్వముపై నాధారపడెను. 1323లో నోరుగల్లు పడినతోడనే దానికి శిష్యుడగు రాజు లేకపోయెను.

విశ్వేశ్వరునే శివదేవయ్య యని నమ్మినవారు గలరు. ఏకామ్రనాథుని ప్రతాపచరిత్రమునను, కాసె సర్వప్ప సిద్ధేశ్వరచరిత్రమునను శివదేవయ్య గణపతిదేవునకు గురువు, మంత్రి. తిక్కనసోమయాజి నెల్లూరినుండి వచ్చి మనుమసిద్ధి కొఱకు సాయమర్థించినప్పుడు ఆదరించినవాడును నాయనయే యందురు. పురుషార్థసారము నాయన కృతిగా జెప్పుదురు. దానిలోని పద్యములు మడికి సింగన సకలనీతిసమ్మతమున నిలిచినవి. ఈ యిరువుర నొక్కరినిగా జేయుటకు నాకు మనసొప్పదు. ఒకడు గౌడదేశీయుడు, సంస్కృతాగమముల మనిషి; ఇంకొకడు తెలుగున నీతి చెప్పిన కవి. మల్కాపురశాసనము గురువును బొగడుటలో నింత వెనుదీయని గ్రంథమయ్యు నొక్కచోటను మంత్రిపదవిని బేర్కొనలేదు. రుద్రమను గణపతిదేవుని భార్యగా జెప్పిన ప్రతాపచరిత్రమును, ఆమెను గూతురని చెప్పిన సమకాలికశాసనముకంటె నెక్కువగా నమ్మరాదు. చరిత్రములు పుట్టిన కాలమునకు గురువు రాజునకు దండ్రి యగు విధము జనమునకు మఱపునబడెను. రాజు ప్రక్కన నొక పెద్ద కూర్చుండెననగా మంత్రియై యుండవలెనని వారూహించిరి. నిజమైన శివదేవయ్య కీర్తిలో విశ్వేశ్వరుని కీర్తి కొంత కలిసిపోయి యుండును. ఆ రెంటిని విడదీయుట పరిశోధకుల పని.

విశ్వేశ్వరుడు మన సాహిత్యచరిత్రలలో జోటు చేసికొనకపోవుటకు గారణము సులభము. గోళకీయాచార్యులు తెలుగున వ్రాయలేదు. పాలకుఱికి సోమనాథుడు ద్విపదతో నింటింట జొచ్చెను. ఆతని భక్తులు చాకలివారు, కుమ్మరులు. వారి కథలను బాడుటకు బాఠశాల యక్కఱ లేదు. శుద్ధశైవమఠము విద్యార్థికి భోజనము పెట్టి, వైద్యుని నిలిపి, పదవాక్యప్రమాణములు నేర్పెను గాని పాటను నేర్పలేదు. భూములు పోయినప్పుడు పాట మిగిలినది వీరశైవులకు. వీరికి మిగిలినది ఱాయి.

విశ్వేశ్వరుని స్థానములలో నేలేశ్వరపు గ్రామము నాగార్జునసాగర జలములలో మునిగెను. కాళేశ్వరమున, శ్రీశైలమున బూజలు నేటికిని సాగుచున్నవి గాని గోళకీపరంపర లేదు. ఆచార్యునకు దండ్రీకూతుండ్రు ధారపోసిన రెండు గ్రామములలో వెలగపూడియందు 2016 నుండి యాంధ్రప్రదేశ రాష్ట్ర సచివాలయము నడచుచున్నది. దాని పొరుగునే మందడము. మల్కాపురపు స్తంభమును వానికి జేరువనే గలదు.